అద్దె ప్రతి నెలా ఆలస్యమే: మా మేడ మీద రెండు వాటాలతో నా అనుభవం

మాది విశాఖపట్నంలో గోపాలపట్నం. కింద మేముంటాం, మేడ మీద రెండు వాటాలు అద్దెకిస్తాం. ముందు వాటా చిన్నది. హాలు, ఒక గది, వంటిల్లు. అద్దె 8,000. వెనక వాటా డబుల్ బెడ్‌రూమ్, అద్దె 12,500. ఆ మేడ వెయ్యడానికి తీసుకున్న లోను ఇంకా నడుస్తోంది. ఈఎంఐ ప్రతి నెలా 10న దానంతటదే కట్ అవుతుంది. మా ఆయనది రైల్వే ఉద్యోగం, పోస్టింగ్ రాయగడలో. సెలవు దొరికినప్పుడు వచ్చి వెళ్తుంటారు. అద్దెలు, బ్యాంకు పని, అత్తయ్య మందులు, బాబు చదువు అన్నీ నేనే చూసుకోవాలి.

అద్దెలు 5వ తేదీలోపు వస్తాయి, 10న ఈఎంఐ పోతుంది, మిగిలింది మందులకి. ఈ లెక్క మీదే ధైర్యం చేసి మేడ వేశాం. మొదట్లో ఉన్నవాళ్లు ఆ లెక్క తప్పనివ్వలేదు. వాళ్లు ఖాళీ చేశాక దిగిన రెండు కుటుంబాలూ ఆలస్యం చేయడం మొదలైంది. ఒక నెల అకౌంట్లో డబ్బు చాలక ఈఎంఐ బౌన్స్ అయింది. బ్యాంకు పెనాల్టీ వేసింది, దాని మీద మళ్లీ జీఎస్టీ. అంతకన్నా బాధ ఏమిటంటే, ఏనాడూ ఎవరికీ బాకీ పడని ఇంటికి బ్యాంకు నుంచి ఫోన్ రావడం. సిబిల్ స్కోరు దెబ్బతింటే రేపు బాబు చదువుకి ఎడ్యుకేషన్ లోను అడగాల్సి వచ్చినప్పుడు ఇది అడ్డం వస్తుందేమోనని టెన్షన్ పట్టుకుంది.

ఇంటి ఓనర్ అనగానే డబ్బున్నవాళ్లు అనుకుంటారు చాలామంది. మా వీధిలో మేడ వేసిన ఇళ్లు సగానికి పైగా రిటైరైనవాళ్లవీ, మాలాంటి ఉద్యోగులవీ. పీఎఫ్ డబ్బో, లోనో పెట్టి పైన రెండు గదులు వేసుకుని ఆ అద్దె మీద బతుకుతున్నవాళ్లే. అద్దె రెండు వారాలు ఆగితే వాళ్లింట్లో ఏదో ఒకటి ఆగుతుంది. ఈ మాట అద్దెకున్నవాళ్లతో సూటిగా చెప్పడానికి మొహమాటపడతాం. నేను చెప్పాను. చెప్పడం వల్లే సగం పని అయింది.

ముందు వీధిలో విన్న సలహాల సంగతి. "మోటారు కట్టేయండి, రెండు రోజుల్లో అద్దె తెచ్చి చేతిలో పెడతారు" అన్నారు పక్కింటివాళ్లు. ఇంకొకాయన ఫ్యూజు పీకెయ్యమన్నారు. తాళం వేసెయ్యమన్నవాళ్లు కూడా ఉన్నారు. నాకు మనసొప్పలేదు. పైన చిన్నపిల్లలున్న ఇల్లు, వేసవిలో నీళ్లు ఆపితే ఆ ఉసురు ఎవరికి? తర్వాత లాయరు గారు చెప్పింది విన్నాక అది చట్టప్రకారం కూడా తప్పేనని తెలిసింది. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 ప్రకారం, కోర్టు దారిలో కాకుండా బలవంతంగా బయటికి పంపితే అద్దెకున్నవాళ్లు ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి ఇంట్లోకి రావచ్చు. బాకీ ఉన్నది వాళ్లయినా, కోర్టులో జవాబు చెప్పుకోవాల్సింది మనం అవుతాం.

నేను మొదట చేసింది లెక్క రాయడం. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని రెండు వాటాలకీ చెరో పేజీ పెట్టాను. నెల, డబ్బు వచ్చిన తేదీ, ఎంత వచ్చింది, ఫోన్‌పేలోనా చేతికా, ఆలస్యానికి ఏం చెప్పారు. పాత నెలలవి ఫోన్‌పే హిస్టరీలోనూ బ్యాంకు పాస్‌బుక్‌లోనూ వెతికి పట్టుకున్నాను. అప్పటిదాకా నా బుర్రలో "ఇద్దరూ ఆలస్యం చేస్తారు" అని ఒకటే మాట ఉండేది. పేజీలు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ రెండు రకాలు.

ముందు వాటా పేజీలో తేదీలు 14, 16, 15, 16, 14. నెల ఏదైనా అంతే. డబ్బు ఎప్పుడూ పూర్తిగా ఒకేసారి వచ్చింది. వెనక వాటా పేజీలో 9, 18, 27, మళ్లీ 6. మధ్యలో ఒక నెల అద్దె మరుసటి నెలలోకి జారింది. రెండు మూడు చోట్ల ముందు 5,000, ఆ తర్వాత 4,000, మిగతాది అడిగాక. జూన్‌లో స్కూలు ఫీజులన్నారు, దసరాకి ఊరెళ్లామన్నారు, సంక్రాంతికి బట్టలన్నారు. కారణం మారుతోంది, ఆలస్యం మాత్రం మారలేదు.

ముందు వాటాలో ఉండే అబ్బాయి ఎలక్ట్రీషియను. పరవాడ వైపు ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద పని. భార్య, రెండేళ్ల పాప. ఒక ఆదివారం పొద్దున్న పాపని ఎత్తుకుని మెట్లు దిగుతుంటే పిలిచి కూర్చోమన్నాను. నోట్‌బుక్ చూపించి, "బాబూ, ప్రతి నెలా 15 అటూ ఇటూ ఇస్తున్నావు. నిన్ను తప్పు పట్టడానికి పిలవలేదు. నీ చేతికి డబ్బు ఎప్పుడొస్తుందో చెప్పు" అని అడిగాను.

"అక్కా, మెయిన్ కంపెనీ బిల్లు పాస్ చేశాకే మా కాంట్రాక్టరు ఇస్తాడు. 14కో 16కో పడతాది. 5వ తేదీ నాటికి నా దగ్గర పాలకి కూడా ఉండదు. మీరు అడిగేదాకా ఉండకూడదనే పడిన రోజే వేసేస్తన్నాను" అన్నాడు.

నిజానికి అప్పటికి అమల్లో ఉన్న వేతనాల చెల్లింపు చట్టం, 1936 ప్రకారం జీతం అంత ఆలస్యం కాకూడదు. వెయ్యి మందిలోపు పనిచేసే చోట 7వ తేదీలోపు, అంతకు మించితే 10వ తేదీలోపు ఇచ్చేయాలి. కాంట్రాక్టరు ఇవ్వకపోతే పని చేయించుకున్న అసలు కంపెనీ ఇవ్వాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పేది. ఆ అబ్బాయికి ఇవి తెలియక కాదు. "అడిగినోణ్ణి మర్నాడు గేటు దగ్గరే ఆపేస్తారక్కా" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అతను ఆలస్యం చేస్తున్నాడని ఇన్నాళ్లూ అనుకున్నాం. ఆలస్యం అతనికి పైనుంచి వస్తోంది, అక్కణ్ణుంచి మా మీదికి దిగుతోంది.

కాబట్టి అతని గడువు తేదీ మార్చాను. 5కి బదులు 17. అగ్రిమెంటు వెనక చేత్తో రాసి ఇద్దరం సంతకాలు పెట్టుకున్నాం. ఏదైనా నెల జీతం ఇంకా ఆలస్యమైతే 15 నాటికే నాకు ఒక మాట చెప్పాలి, అంతే. కొంతమంది బంధువులు, "ఇలా వదిలితే నెత్తినెక్కుతారు" అన్నారు. నేను ఒప్పుకోను. 5న ఇవ్వలేనివాడికి 5 అని రాసిస్తే ప్రతి నెలా అతన్ని దోషిగా నిలబెట్టడమే. ఆ కుర్రాడు మెట్లెక్కుతూ మా గుమ్మం వైపు చూడకుండా తల దించుకుని వెళ్లిపోయేవాడు. తేదీ మారాక పాపని దింపి "పెద్దమ్మకి టాటా చెప్పు" అనడం మొదలుపెట్టాడు.

మరి 10వ తేదీ ఈఎంఐ? బ్యాంకుకి వెళ్లి ఈఎంఐ తేదీ మార్చమని అడిగాను, కుదరదన్నారు. అప్పుడే నా చీటీ చేతికొచ్చింది. అందులోంచి ఒక ఈఎంఐకి సరిపడా తీసి లోను కట్ అయ్యే అకౌంట్లో వేసి, దాన్ని ముట్టుకోకూడదని పెట్టుకున్నాను. అద్దె వచ్చాక ఆ లోటు నింపుతాను. అద్దెల మీద ఈఎంఐ కట్టేవాళ్లందరికీ నేను గట్టిగా చెప్పేది ఇదే. ఒక నెల ఈఎంఐ ఎప్పుడూ అకౌంట్లో పడి ఉండాలి. అది ఉంటే అద్దెకున్నవాళ్లతో మాట్లాడేటప్పుడు గొంతులో కంగారు ఉండదు. కంగారులో మాట్లాడితే మాట తూలుతుంది.

ఇక వెనక వాటా. ఆయన ఒక కంపెనీలో సూపర్‌వైజరు, ఆవిడ ఇంటి దగ్గరే ఉంటారు. అమ్మాయి పదో తరగతి, బాబు ఆరు. జీతం నెల మొదటి రోజునే పడుతుంది. ఈ సంగతి ఆవిడే మాటల్లో చెప్పారు. కొత్త బండి, కొత్త టీవీ ఈఎంఐలు అన్నీ జీతం పడిన రోజే కట్ అయిపోతాయి. ఆటో డెబిట్ లేనిది మా అద్దె ఒక్కటే. అందుకని అన్నీ పోగా మిగిలితే మాకు. మనుషులు చెడ్డవాళ్లని నేను అనను. పండక్కి అరిసెలు, పులిహోర తెచ్చిచ్చేవారు, అత్తయ్యకి జ్వరమొస్తే ఆయనే కారులో ఆస్పత్రికి తీసుకెళ్లారు. అందువల్లే అడగడం మరీ కష్టమయ్యేది. పొద్దున్న మనకి సాయం చేసిన మనిషిని సాయంత్రం డబ్బుల కోసం ఎలా నిలదీస్తాం?

అయినా రెండూ వేరుచేసి చూడాలి. సాయానికి రుణపడి ఉంటాను, అది వేరు. అద్దె ఒప్పందం వేరు.

ఆయనతో మెట్ల మీద ఎదురుపడినప్పుడు అడగడం మానేశాను. అలా అడిగితే "రేపు వేస్తానండీ" అని నవ్వి వెళ్లిపోయేవారు, ఆ రేపు నేను లెక్కపెట్టుకోవాల్సి వచ్చేది. మా ఆయన ఊళ్లో ఉన్నప్పుడు ఒకరోజు ఇద్దర్నీ కిందికి పిలిచి, టీ ఇచ్చి, నోట్‌బుక్ ముందు పెట్టి మాట్లాడాం. జీతం పడగానే అద్దె వెళ్లిపోయేలా నెట్ బ్యాంకింగ్‌లో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టమని అడిగాం. సరేనన్నారు. పెట్టలేదు. ఆ తర్వాత వాట్సాప్‌లో ప్రతి నెలా 3న ఒక మెసేజ్ పంపడం మొదలుపెట్టాను. "నమస్కారమండీ, ఈ నెల అద్దె 12,500, గడువు 5వ తేదీ." ఒక్క ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. గడువు దాటితే 6న ఇంకొకటి. ఈ మెసేజ్‌లు తర్వాత చాలా పనికొచ్చాయి. ఏ నెల ఎప్పుడు అడిగామో, వాళ్లు ఏమన్నారో అన్నీ తేదీలతో అక్కడే ఉన్నాయి.

కరెంటు విషయంలో కూడా ఒక సంగతి బయటపడింది. వెనక వాటా మీటరు మా అత్తయ్య పేరు మీద ఉంది. బిల్లు వాళ్లు కట్టుకోవాలి. ఒకరోజు సర్వీసు నంబరు కొట్టి ఫోన్లో చూస్తే పాత బిల్లు బాకీ కనిపించింది. కరెంటు ఇచ్చే ఈపీడీసీఎల్ వాళ్లకి ఎవరు వాడారన్నది అనవసరం, సర్వీసు నంబరు మీద బాకీ ఉంటే ఆ కనెక్షనే కట్ చేస్తారు. ఖాళీ చేసి వెళ్లిపోయాక తెలిస్తే అది మన నెత్తి మీదే. అద్దెకిచ్చినవాళ్లు ప్రతి నెలా ఈ నంబర్లు చూసుకోవడం మంచిది, నిమిషం పని.

జనవరిలో వచ్చింది అసలు సంగతి. ఆయన ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కోసం అద్దె రసీదులు అడిగారట. పన్నెండు రసీదులు ప్రింటు తీసుకుని, రెవెన్యూ స్టాంపులు కూడా అంటించి పట్టుకొచ్చారు. నగదుగా 5,000 దాటి ఇస్తే రసీదు మీద రూపాయి స్టాంపు ఉండాలి, అది తెలిసినవాడే. ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు కూడా ఇవ్వాలి. మాది ఏడాదికి లక్షన్నర. పాన్ ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు, అద్దె మేం రిటర్న్‌లో చూపిస్తూనే ఉన్నాం. కానీ ఆ రసీదులన్నిటి మీదా ప్రతి నెలా 1వ తేదీ అని అచ్చేసి ఉంది.

"మేడమ్, ఫార్మాలిటీ కదా, సంతకం పెట్టేయండి" అన్నారు.

నేను నోట్‌బుక్ తీశాను. "వచ్చిన తేదీనే రాస్తానండీ. రాని తేదీ మీద సంతకం పెట్టలేను" అన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నారు. ఖాళీ రసీదు పుస్తకం తెప్పించి, ఒక్కొక్కటీ నా చేత్తో రాసిచ్చాను. ఏ నెల అద్దె, ఏ తేదీన ఎంత అందింది, రెండు ముక్కలుగా వస్తే రెండు రసీదులు. డిసెంబరు అద్దె అప్పటికింకా రాలేదు, దానికి రసీదు ఇవ్వలేదు. ఆ సాయంత్రమే డిసెంబరు అద్దె ఫోన్‌పేలో వచ్చింది. డబ్బు ఉంది, ఇవ్వాలన్న పట్టింపు లేదు అన్న విషయం అప్పుడు నాకు పూర్తిగా తేటతెల్లమైంది.

సంక్రాంతి వెళ్లాక జనవరి అద్దె మళ్లీ ఆగింది, ఫిబ్రవరి కూడా ఆగింది. మా దగ్గర ఉన్న అడ్వాన్సు రెండు నెలలది, 25,000. బాకీ దానితో సమానమైపోయింది. కరెంటు బాకీ కలిపితే ఇంకా ఎక్కువే. అప్పుడు జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక లాయరు గారిని కలిశాం. పెద్దాయన, ఓపిగ్గా విన్నారు. నోట్‌బుక్, వాట్సాప్ మెసేజ్‌లు, రసీదుల కౌంటర్ ఫాయిల్స్, అగ్రిమెంటు అన్నీ టేబుల్ మీద పరిచాను. "ఇన్ని కాగితాలతో వచ్చే ఓనర్లు తక్కువమ్మా" అన్నారు.

ఆయన చెప్పినవాటిలో ముఖ్యమైనవి చెబుతాను. బాకీ అడ్వాన్సుని దాటకముందే కదలాలి, దాటాక వసూలు చేసుకోవడం వేరే దావా అవుతుంది. నెలనెలా అద్దె మీద ఉన్నవాళ్లని ఖాళీ చెయ్యమనాలంటే ఆస్తి బదిలీ చట్టం, 1882 సెక్షన్ 106 ప్రకారం సంతకం పెట్టి, కాగితం మీద, పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. నోటిమాట చెల్లదు. అగ్రిమెంటులో అంతకన్నా ఎక్కువ గడువు రాసుకుంటే ఆ గడువే పాటించాలి. మా అగ్రిమెంటులో నెల అని ఉంది. అద్దె చట్టం కింద కేసు వెయ్యాల్సి వస్తే దాని దారి వేరు, అది తర్వాత చూద్దామన్నారు.

ఇంకొకటి చెప్పారు, ఇది మాలాంటివాళ్లకి అస్సలు తెలియదు. నోటీసు గడువు అయిపోయాక ఆ తర్వాతి నెలల అద్దె మామూలుగా తీసుకుంటే, మనమే నోటీసు వదులుకున్నట్టు వాదించడానికి వీలు దొరుకుతుంది. అదే చట్టంలో సెక్షన్ 113 ఈ సంగతే చెబుతుంది. అందుకని ఫోన్‌పేలో డబ్బు వచ్చిపడితే వెంటనే ఇది ఫలానా నెల బాకీ కింద తీసుకున్నాం అని మెసేజ్ పెట్టాలన్నారు. ఊరికే ఊరుకోకూడదు.

కోర్టుకి వెళ్తే ఎంతకాలం అని అడిగాను. "వెళ్లకుండా తేల్చుకోవడమే మంచిదమ్మా. నోటీసు పంపుదాం, కూర్చోబెట్టి మాట్లాడదాం. వినకపోతే లీగల్ సర్వీసెస్ అథారిటీలో దరఖాస్తు పెట్టి, కేసు వెయ్యకముందే లోక్ అదాలత్‌కి పిలిపించుకోవచ్చు. అక్కడ కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరి అవార్డు, అంటే తీర్పు, వస్తే దాని మీద అప్పీలు లేదు" అన్నారు. ఈ దారి ఉందని తెలిశాక నాకు నిద్రపట్టింది.

లాయరు నోటీసుకి ముందు నేను ఒక ఉత్తరం తెలుగులో రాసి చేతికిచ్చాను. ఇన్నేళ్లు ఒకే కప్పు కింద ఉన్నవాళ్లకి ఒక్కసారిగా లాయరు కాగితం పంపడం నాకు నచ్చలేదు. అందులో బాకీ వివరం, మా ఈఎంఐ తేదీ, ఒకసారి బౌన్స్ అయిన సంగతి, అత్తయ్య మందుల ఖర్చు అన్నీ రాశాను. బతిమాలలేదు, బెదిరించలేదు. వారం చూసి, జవాబు లేకపోతే లాయరు నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపించాం. (2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఇప్పుడు పంపేవాళ్లు డెలివరీ రుజువు తీసుకోవడం మర్చిపోకండి.) సంతకం చేసిన కార్డు తిరిగొచ్చింది.

ఆ సాయంత్రం ఆవిడ కిందికి వచ్చారు. కళ్లనీళ్లు పెట్టుకుని, "ఆంటీ, పాపకి మార్చిలో పరీక్షలు. ఇప్పుడు ఇల్లు వెతుక్కోమంటే దాని చదువు ఏమవ్వాలి" అన్నారు. పక్కనే ఉన్న అత్తయ్య వెంటనే, "పిల్ల పరీక్షలయ్యేదాకా ఎవరూ కదలక్కర్లేదమ్మా" అనేశారు. నాకూ అదే అనిపించింది. ఆ పిల్ల మా బాబుకి లెక్కలు చెప్పేది. పెద్దవాళ్ల అజాగ్రత్తకి పిల్ల పదో తరగతి దెబ్బతినకూడదు.

మర్నాడు లాయరు గారి ఆఫీసులో ఇరువైపులా కూర్చున్నాం. కాగితం మీద రాసుకున్నది ఇది. పాత బాకీలో సగం వెంటనే, మిగతా సగం మార్చి జీతంలోంచి. పాత బాకీకి అడ్వాన్సు ముట్టుకోం, అది మార్చి, ఏప్రిల్ నెలల అద్దెకి సరిపెట్టుకుంటాం. కరెంటు బాకీ వారంలో కట్టెయ్యాలి. ఏప్రిల్ 30న ఇల్లు అప్పగించాలి. ఏప్రిల్ 30 అని ఊరికే పెట్టలేదు. అప్పటికి స్కూళ్లకి సెలవులొస్తాయి, వాళ్లకి ఇల్లు వెతుక్కునే వీలుంటుంది. ఆషాఢం రాకముందే మాకూ కొత్తవాళ్లు దొరుకుతారు. ఆషాఢంలో పాలు పొంగించుకుని కొత్త ఇంట్లోకి దిగేవాళ్లు ఎక్కడుంటారు? అప్పుడు ఖాళీ అయితే శ్రావణం దాకా టు-లెట్ బోర్డు వేలాడాల్సిందే.

ఆయన ఆ కాగితం మీద రాసినట్టే కట్టారు. రెండో వాయిదా ఒక రోజు ముందే వేశారు. తేదీ తప్పితే ఏమవుతుందో కాగితం మీద కనబడితే ఆయనా తేదీకి కట్టగలిగారు. అది చూశాక మనసులో ఒక్క క్షణం ఉండమందామా అనిపించింది. మా ఆయన వద్దన్నారు, నేనూ ఆ మాట మీదే నిలబడ్డాను.

అప్పగించిన రోజు మీటరు రీడింగు ఫోటో తీసుకున్నాం, వంటింట్లో పగిలిన సింకు గొట్టం సంగతి అక్కడికక్కడే మాట్లాడుకున్నాం, తాళాలు మూడు సెట్లూ లెక్క చూసుకున్నాం. వెళ్లేముందు అమ్మాయి అత్తయ్య కాళ్లకి దణ్ణం పెట్టింది. తర్వాత పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయని స్వీట్లు పంపించారు. సంబంధాలు తెగిపోలేదు. అది నాకు పెద్ద తృప్తి.

కొత్తవాళ్ల దగ్గర ముందే అడిగింది ఒక్కటే. జీతం ఏ తేదీన పడుతుంది? ఇద్దరూ ఉద్యోగస్తులు, నెలాఖరుకే పడుతుందన్నారు. గడువు 5 అని రాసుకున్నాం. లేటు ఫీజు పెట్టమని చాలామంది చెప్పారు. నాకు ఇష్టం లేదు. రోజుకి వంద అని రాసుకుంటే ఆ వంద కట్టి ఆలస్యం చెయ్యడం హక్కనుకుంటారు. అంతకన్నా మా విశాఖ కార్పొరేషన్ జీవీఎంసీ పద్ధతి నచ్చింది నాకు. ఏడాది ఇంటి పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం తగ్గిస్తారు, అందుకే మా వీధి అంతా ఏప్రిల్‌లో కట్టడానికి చూస్తారు. అలాగే అద్దె 13,500 అని రాసి, 5లోపు వస్తే 13,000 చాలు అన్నాం. వాళ్లు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టుకున్నారు, 3వ తేదీన డబ్బు వచ్చేస్తోంది.

అగ్రిమెంటులో మరో మూడు మాటలు రాయించాం. వరసగా రెండు నెలలు గడువు దాటితే మాట్లాడుకోవడానికి కూర్చోవాలి. కరెంటు బిల్లు కట్టిన రసీదు నెలనెలా వాట్సాప్‌లో పంపాలి. ఖాళీ చెయ్యాలన్నా చేయించాలన్నా నెల ముందు కాగితం మీద చెప్పాలి. పదకొండు నెలలే కదా, స్టాంపు పేపరు మీద సంతకాలు చాలు అనుకునే అలవాటు మన దగ్గర బాగా ఉంది. ఏ ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కుని చేయించుకోమని లాయరు గారు గట్టిగా చెప్పారు, మేం చేయించుకున్నాం.

ముందు వాటా కుర్రాడు ఇంకా మా దగ్గరే ఉన్నాడు. కాంట్రాక్టరు మారాడు, జీతం పడే తేదీ మాత్రం పెద్దగా మారలేదు. ఒకసారి 15న వచ్చి, "అక్కా, ఈ నెల 20 అయ్యేలాగుంది" అన్నాడు. 20న మధ్యాహ్నం డ్యూటీలోంచే వేశాడు. మొన్న అగ్రిమెంటు కొత్తగా రాసుకున్నప్పుడు అద్దె 8,500 చేశాం. గడువు దగ్గర 17 అనే ఉంచాం.